నా రౌండు

గ్లాసుకి కులం వుంటుందని మా మాదిగపల్లెలో పుట్టిన ప్రతివాడికీ పలక పట్టకముందే తెలుసు. యెవరూ నేర్పక్కర్లేదు. టీ హోటలు చూరులో గుచ్చిన సత్తుగ్లాసులు మావి. లోపల బల్లమీద బోర్లించిన గాజుగ్లాసులు వూళ్ళోవాళ్ళవి. మేం బయట గొంతుక్కూచుని తాగాలి. తాగినాక మా గ్లాసు మేమే కడిగి మళ్ళీ చూరులోనే గుచ్చాలి. మేమిచ్చిన డబ్బులు మాత్రం యెవరూ కడిగేవాళ్ళు కాదు.

కల్లుపాక దగ్గరా అదే వరస. వూళ్ళో పెద్దలకి ముంతలు. మా అయ్యకి తాటాకు దొప్ప. అదీ దూరంగా పట్టుకుంటే పైనుంచి ధారకట్టి పోసేవాళ్ళు. మా అయ్య చెప్పులు కుట్టేవాడు. అంతకుముందు కపిలబావులున్న రోజుల్లో తోలు తొండాలు కుట్టేవాడు. ఆయన చేత్తో కుట్టిన తొండంలోంచి దూకిన నీళ్ళతోనే వూళ్ళో మిరపతోటలు పండాయి. ఆ నీళ్ళనే దోసిలిపట్టి ఆసాములు తాగారు. అప్పుడు రాని మైల ఆయన నోరు తగిలిన గ్లాసుకి యెలా వచ్చిందో నాకు యిప్పటికీ తెలవదు.

1985 జూలైలో కారంచేడు జరిగినప్పుడు నాకు యెనిమిదేళ్ళు. మంచినీళ్ళ చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్టు కడుగుతుంటే, తాగే నీళ్ళు పాడుచెయ్యొద్దన్నందుకు మొదలైంది. మర్నాటికి మావాళ్ళు ఆరుగురు శవాలయ్యారు. బతికినవాళ్ళు పిల్లాజెల్లా వేసుకుని చీరాల వచ్చిపడ్డారు. తాగడం అనేది మా బతుకుల్లో దాహానికి సంబంధించిన విషయం కాదు. యెక్కడ తాగుతున్నావ్, దేన్లో తాగుతున్నావ్, యెవరి పక్కన నిలబడి తాగుతున్నావ్ అన్నదే విషయం. దానికోసం మనుషుల్ని చంపుతారు.

అట్లాంటి నేను యిరవయ్యేళ్ళుగా ఇంగ్లండులో వొక రేవుపట్నం పబ్బుల్లో కూచుని తిన్నదీ తాగిందీ రాద్దామనుకుంటున్నాను. తాగుడు గొప్పదని చెప్పడానికి కాదు. వారుణివాహిని పేరుతో సర్కారే సారా పాకెట్లు పల్లెల్లోకి తోలిన కాలంలో మా యింట్లో కూలి డబ్బులు యెటు పోయాయో నాకు తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలెట్టిన సారా పోరాటం మా పల్లెకొచ్చినప్పుడు మా అమ్మ చీపురు పట్టుకుని ముందు నడిచింది. 1993లో సారా ఆగింది. 1995లో మొత్తం మద్యమే ఆపారు, 1997లో మళ్ళీ వదిలారు. మా అమ్మ మాత్రం వదల్లేదు. నేను పబ్బుకెళ్తానని తెలిస్తే యిప్పుడైనా చీపురు తిరగేస్తుంది. కాబట్టి యిది తాగుడు కథ కాదు. గ్లాసు కథ.

నర్సు వుద్యోగానికి 2003లో బ్రిస్టల్ వచ్చాను. ఇంగ్లండుకి పడమటి పక్క, ఏవన్ నది మీద వుంది. ఆ నదికి ఆటుపోట్లు చాలా యెక్కువ. ఆటు వస్తే ఓడలు బురదలో కూలబడేవి. అందుకని 1809లో నదికి అడ్డంగా లాకులు కట్టి రేవులో నీళ్ళని నిలబెట్టారు. యిప్పుడక్కడ సరుకు ఓడల్లేవు. పడవలు, తిండిదుకాణాలు, పబ్బులు వున్నాయి.

డ్యూటీ దిగినాక ఆస్పత్రివాళ్ళు మొదటిసారి నన్ను పబ్బుకి లాక్కెళ్ళారు. పబ్బంటే పబ్లిక్ హౌస్, అందరి యిల్లు. మన బార్ల మాదిరి చీకటిగా, తలొంచుకుని తాగి బయటపడే చోటు కాదు. ముసలాళ్ళు, ఆడవాళ్ళు, కుక్కలు, పేపరు చదివేవాళ్ళు. బల్లదగ్గరకి యెవరూ రారు. మనమే కౌంటరు దగ్గరకి పోయి అడిగి, అక్కడే డబ్బు కట్టి తెచ్చుకోవాలి. కౌంటరు వెనకాల వున్న పెద్దావిడ నన్ను చూసి “యేం కావాలి, మై లవర్?” అంది. నేను బిత్తరపోయాను. పక్కనున్నవాళ్ళు పగలబడి నవ్వారు. బ్రిస్టల్ యాసలో అది “యేం నాయనా” అన్నట్టే. మా వూళ్ళో నలభయ్యేళ్ళ మా అయ్యని పదేళ్ళ పిల్లోడు “వొరే” అని పిలిచేవాడు. యిక్కడ ముక్కూ మొహం తెలియని ముసలావిడ నన్ను ప్రేమగా పిలిచింది.

వొక పైంటు అంటే 568 మిల్లీలీటర్లు. తాగిన గ్లాసులన్నీ వొకే ట్రేలో పడతాయి, వొకే మిషన్లో కడుగుతారు, వొకే అరలోకి పోతాయి. నేను తాగిన గ్లాసులో రేపు యెవరు తాగుతారో యెవడికీ తెలవదు, యెవడికీ పట్టదు. ఆ రాత్రి నేను బీరు తాగింది తక్కువ. గ్లాసులు కడిగే మిషను వైపు చూసింది యెక్కువ.

ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఆపిల్ తోటలు యెక్కువ. ఆపిల్ రసం పులియబెట్టిన సైడరే అక్కడి కల్లు. నాటు సైడరు మడ్డిమడ్డిగా, పుల్లగా వుంటుంది. కళ్ళు మూసుకుని తాగితే పొద్దెక్కిన తాటికల్లే. క్లిఫ్టన్ గుట్టమీద కొరొనేషన్ ట్యాప్ అని పాత సైడరు పబ్బుంది. అక్కడ ఎగ్జిబిషన్ అనే ఘాటు సైడరుని సగం పైంటు గ్లాసుల్లోనే యిస్తారు. రాజుకైనా అంతే, కూలికైనా అంతే. కొలత అందరికీ వొకటే కావడం నాకు నచ్చింది.

తిండి సంగతి కూడా చెప్పాలి. ఆదివారం మధ్యాహ్నం పబ్బుల్లో సండే రోస్ట్ పెడతారు. పెద్దకూర ముక్క కాల్చి, పల్చగా కోసి, వేయించిన బంగాళాదుంపలు, పొంగిన యార్క్‌షైర్ పుడ్డింగు, పైన గ్రేవీ. తోడుగా ముక్కు బద్దలయ్యే గుర్రపుముల్లంగి పచ్చడి. వీధంతా ఆ వాసన. మా పల్లెలో పెద్దకూర వండితే తలుపేసుకునేవాళ్ళం. దండేనికి ఆరేసిన తునకలు చుట్టాలొస్తే దాచేవాళ్ళం. హాస్టల్లో “యేం తిన్నార్రా ఆదివారం?” అని అడిగితే కోడికూర అని చెప్పే పిల్లలు యెంతమందో. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా యూనివర్సిటీలో పిల్లలు పెద్దకూర పండగ చేసుకుంటే దాడులు జరిగాయి. యిక్కడ అదే కూరని తెల్ల దొరలు బల్లమీద గుడ్డ పరిచి, కుటుంబమంతా కూచుని, దేశం పరువంతా అందులోనే వున్నట్టు తింటున్నారు. నాకు నవ్వొచ్చింది. మా అమ్మ వుప్పూకారం వేసి వండితే యింతకన్నా పదిరెట్లు బావుంటుంది. కానీ తలుపు తీసిపెట్టి తినడంలో వున్న రుచి మాత్రం నాకు అక్కడే మొదట తెలిసింది.

అంతా చూసి యిదేదో సమానత్వపు దేశం అనుకుంటే పొరపాటే. ఆ పబ్బుల గోడలు వేరే కథలు చెప్తాయి.

రేవు పక్కన కింగ్ స్ట్రీట్‌లో లాండోగర్ ట్రో వుంది. 1664 నాటిది. నల్లచెక్క, తెల్లగోడ, మూడు కొప్పుల యిల్లు. రెండో ప్రపంచయుద్ధంలో బాంబులు పడకముందు అయిదు కొప్పులుండేవట. ట్రో అంటే అడుగు చదునుగా వుండే సరుకు పడవ. నాలుగేళ్ళు దిక్కులేని దీవిలో వొంటరిగా బతికొచ్చిన సెల్కిర్క్ అనే నావికుణ్ణి డేనియల్ డిఫో యిక్కడే కలిశాడని, దాంట్లోంచే 1719లో రాబిన్సన్ క్రూసో పుట్టిందని చెప్పుకుంటారు. కథో నిజమో, పబ్బుకి మాత్రం అది గిరాకీ. ఆ పుస్తకం మాకు చదువులో నాన్‌డిటెయిల్. వొంటరివాడి ధైర్యం గురించి వ్యాసం రాసి మార్కులు తెచ్చుకున్నాం. క్రూసో ఓడ పగిలింది బానిసల్ని తేవడానికి ఆఫ్రికా పోతున్నప్పుడని ఆ వ్యాసాల్లో యెవరూ రాయించలేదు. దీవిలో దొరికిన మనిషికి తనే ఫ్రైడే అని పేరుపెట్టి, తనని మాస్టర్ అని పిలవడం మొదట్లోనే నేర్పుతాడు. మా అయ్య అసలు పేరు కూడా వూళ్ళో యెవరికీ తెలవదు. పేరు పెట్టేదీ వాళ్ళే, “అయ్యగారూ” అనడం నేర్పేదీ వాళ్ళే.

అక్కడికి కొంచెం దూరంలో, రేవుకి ఆవలిపక్క సందులో సెవెన్ స్టార్స్ అని చిన్న పబ్బుంది. దాని గోడకి 2009లో ఫలకం పెట్టారు. థామస్ క్లార్క్‌సన్ అనే కుర్రాడు 1787లో బానిసవ్యాపారం గుట్టు లాగడానికి బ్రిస్టల్ వచ్చాడు. వూరి పెద్దమనుషులెవరూ నోరు విప్పలేదు. ఆ పబ్బు నడిపే థామ్సన్ అనే ఆయన మాత్రం అర్ధరాత్రిళ్ళు అతన్ని వెంటబెట్టుకుని మార్ష్ స్ట్రీట్ పబ్బులన్నీ తిప్పాడు. బానిస ఓడ యెక్కడానికి మామూలు నావికులు కూడా యిష్టపడేవాళ్ళు కాదు. అందుకని పబ్బులో కూచోబెట్టి అప్పుమీద పోసేవాళ్ళు. తాగి పడిపోతే యెత్తుకెళ్ళి ఓడలో పడేసేవాళ్ళు. అప్పు తీర్చలేకపోతే రెండే దార్లు, జైలు లేకపోతే ఓడ. క్లార్క్‌సన్ యివన్నీ కళ్ళతో చూసి రాసుకున్నాడు. బ్రిస్టల్ ఓడలు రెండువేలకు పైగా బానిస ప్రయాణాలు చేశాయని, అయిదు లక్షల మందికి పైగా ఆఫ్రికా మనుషుల్ని మోశాయని లెక్కలున్నాయి. ఆ వ్యాపారం 1807లో గాని చట్టప్రకారం ఆగలేదు.

ఆ ఫలకం ముందు నిలబడితే మా వూరు గుర్తొచ్చింది. సారా బాకీ కింద పాలేరుతనానికి కుదిరినవాళ్ళు మా పల్లెలో వున్నారు. తాగించేవాడు, అప్పు రాసేవాడు, పని చేయించుకునేవాడు వొక్కడే అయితే ఆ గ్లాసు గ్లాసు కాదు, సంకెల.

యిక బే హార్స్. లూయిన్స్ మీడ్‌లో వుంది. నన్ను అక్కడికి తీసుకెళ్ళింది మా వార్డులో పనిచేసే జమైకా ఆవిడ. నాకన్నా చాలా పెద్దది. వాళ్ళ నాన్న 1950లలో ఓడెక్కి బ్రిస్టల్ వచ్చాడు. “మా నాన్న యీ వూళ్ళో తాగాలంటే ముందు మొహం చూపించాలి. తర్వాతే డబ్బులు” అని చెప్పింది.

అప్పట్లో బ్రిస్టల్ బస్సుల్లో నల్లవాళ్ళనీ ఆసియావాళ్ళనీ డ్రైవర్లుగా, కండక్టర్లుగా తీసుకునేవాళ్ళు కాదు. 1963లో నల్లజనం బస్సులెక్కడం మానేశారు. ముందు నిలబడినవాళ్ళలో పాల్ స్టీఫెన్సన్ వొకడు. నాలుగు నెలలకి, ఆగస్టు 28న కంపెనీ దిగొచ్చింది. తర్వాత నెలలో రఘ్‌బీర్ సింగ్ అనే సిక్కు ఆయన మొదటి కండక్టరయ్యాడు. మరుసటేడు స్టీఫెన్సన్ బే హార్స్‌కి పోయి వొక గ్లాసు బీరు అడిగాడు. యివ్వమన్నారు. పొమ్మన్నారు. అతను పోలేదు. కూచున్నచోటే కూచున్నాడు. పోలీసులొచ్చి అరెస్టు చేశారు. వెళ్ళమంటే వెళ్ళలేదన్నది కేసు. కోర్టు కొట్టేసింది. దేశమంతా పేపర్లలో వచ్చింది. చట్టం మారుస్తానని లేబర్ పార్టీ నాయకుడు హెరాల్డ్ విల్సన్ అతనికి టెలిగ్రాం పంపాడు. 1965లో ఇంగ్లండులో మొట్టమొదటి జాతివివక్ష వ్యతిరేక చట్టం వచ్చింది. పబ్బులు, హోటళ్ళు, సినిమాహాళ్ళ తలుపులు రంగు చూసి మూయకూడదంది. వుద్యోగాలకీ యిళ్ళకీ అది వర్తించడానికి యింకో చట్టం, 1968 దాకా ఆగాల్సొచ్చింది.

నేను వేళ్ళమీద లెక్కేశాను. మా అంబేడ్కర్ బాబా ముందుండి రాసిన రాజ్యాంగం 1950లోనే, 15వ అధికరణంలో, దుకాణాల్లోకి, హోటళ్ళలోకి, బావులకి, చెరువులకి యెవర్నీ అడ్డుకోకూడదంది. 17వ అధికరణం అంటరానితనమే లేదంది. 1955లో దానికి శిక్షల చట్టం వచ్చింది. అంటే తెల్లదొరలకన్నా పదిహేనేళ్ళు ముందే మేం రాసుకున్నాం. 1985లో కూడా మా హోటలు చూరులో సత్తుగ్లాసు వేలాడుతూనే వుంది. ఆవిడకి యీ మాట చెప్పాను. ఆవిడ నవ్వి, “చట్టం తలుపు తీస్తుంది. కుర్చీ వెయ్యదు. కుర్చీ మనం లాక్కోవాలి” అంది. 1980లో సెయింట్ పాల్స్‌లో బ్లాక్ అండ్ వైట్ కెఫే మీద పోలీసులు పడితే ఆ పేటంతా తగలబడిన సంగతి కూడా ఆవిడే చెప్పింది. చట్టమొచ్చి అప్పటికి పదిహేనేళ్ళు.

ఆవిడ దగ్గరే నేను రౌండు నేర్చుకున్నాను. నలుగురు కూచుంటే యెవరి బీరు వాళ్ళు కొనుక్కోరు. మొదట వొకరు లేచి నలుగురికీ తెస్తారు. అయిపోగానే యింకొకరు. నీ వంతు వచ్చినప్పుడు యెగ్గొడితే నీకు పరువుండదు. యెదుటివాడి రౌండు వద్దంటే వాడికి పరువుండదు. పెద్ద డాక్టరైనా, నేల తుడిచేవాడైనా, నీ చేతి గ్లాసు నేను, నా చేతి గ్లాసు నువ్వు. దీన్ని యే పుస్తకంలోనూ రాయలేదు. మా వూళ్ళో కూడా యే పుస్తకంలో రాయలేదు సత్తుగ్లాసు సంగతి. రాయనివే గట్టిగా నడుస్తాయి.

2011 వేసవిలో తెలుగువాళ్ళం అయిదుగురం రేవు వొడ్డున వొక పబ్బులో కలిశాం. ముగ్గురు కంప్యూటర్లవాళ్ళు, వొకాయన డాక్టరు. భాష వినపడితే ప్రాణం లేచొస్తుంది కదా. మొదటి రౌండు అయింది. రెండో రౌండు అయింది. గుంటూరు, గోంగూర, చిరంజీవి, అన్నీ అయినాయి. అప్పుడు కంప్యూటరాయన వొకడు అడిగాడు.

“మీ పేరు బైబిలు పేరు కదా బ్రదర్. కన్వర్టెడా?”

“మా తాత కాలం నుంచీ అంతే.”

“అంటే... అంతకుముందు యెవర్లోంచి?”

“మాదిగోళ్ళం. మా అయ్య చెప్పులు కుట్టేవాడు” అన్నాను.

బల్ల దగ్గర గాలి ఆగిపోయింది. “అబ్బే, మేమలాంటివి పట్టించుకోం” అన్నాడు డాక్టరు. పట్టించుకుంటారా అని నేనెవర్నీ అడగలేదు. మూడో రౌండు నాది. లేచి అయిదు గ్లాసులు తెచ్చి బల్లమీద పెట్టాను. నన్ను ప్రశ్న అడిగినాయన గ్లాసుని పక్కకి జరిపాడు. “నాకు చాలు బ్రదర్. డ్రైవింగ్ వుంది.” పది నిముషాల తర్వాత తనే లేచి పోయి తనకొక పైంటు తెచ్చుకున్నాడు. మిగతా ముగ్గురూ తాగారు. ఆ మాటా చెప్పాలి. యిద్దరు నా మొహం చూడకుండా తాగారు. వొక్కడు చూసి తాగాడు.

నేను తెచ్చిన గ్లాసు అట్లాగే వుంది. నురగ దిగిపోయింది. ఖాళీ గ్లాసులు యేరే పిల్ల వచ్చి దాన్ని చేత్తో పట్టుకుని, “దీనికేమన్నా అయిందా?” అని అడిగింది. “బీరుకేం కాలేదమ్మా” అన్నాను.

నాలుగు వందల యేళ్ళ పాత పబ్బులున్న వూరు. బానిస ఓడల్ని చూసిన రేవు. నల్లవాడి గ్లాసు కోసం చట్టం మార్చిన దేశం. అక్కడి పబ్బులో, అక్కడి గ్లాసులో మా హోటలు చూరు ప్రత్యక్షమైంది. దాన్ని యెవరూ ఓడలో తేలేదు. మనవాళ్ళే సూట్‌కేసులో మడతపెట్టి తెచ్చుకున్నారు.

జమైకా ఆవిడకి చెప్తే, “రిపోర్టు చెయ్యి” అంది. యేమని చేస్తాను? స్నేహితుల బల్లమీద గ్లాసుకి యే చట్టమూ వర్తించదు, ఆ సంగతి నాకూ తెలుసు. కానీ యిదే మనిషి రేపు వుద్యోగం యిచ్చేచోట కూచుంటే? యిల్లు అద్దెకిచ్చేవాడైతే? అక్కడా కులం అనే మాట చట్టంలో సూటిగా లేదు. 2010 సమానత్వ చట్టంలో కులాన్ని చేర్చొచ్చు అని వొక ముక్క పెట్టారు. 2013లో పార్లమెంటు దాన్ని చేర్చాల్సిందేనంది. 2017లో జనాన్ని అభిప్రాయాలడిగారు. పదహారు వేలకు పైగా జవాబులొచ్చాయి. అందులో వొకటి నాది. నేను పెద్ద వాదనలేం రాయలేదు. సత్తుగ్లాసు సంగతీ, నురగ దిగిపోయిన గ్లాసు సంగతీ రాశాను. 2018 జూలైలో ప్రభుత్వం చట్టం అక్కర్లేదంది. కోర్టు తీర్పులు చాలంది. అప్పటికి వొక తీర్పు వుంది నిజమే. పెర్మిలా తిర్కీ అనే ఆదివాసీ ఆడమనిషిని ఇంగ్లండులో వొక యింట్లో నాలుగున్నరేళ్ళు చాకిరీ చేయించుకున్నారు. ఆమె కేసులో కులం కూడా జాతిమూలాల కిందకి రావొచ్చని 2014లో అప్పీలు ట్రిబ్యునల్ అంది. 2015లో ఆమెకి లక్షా 83 వేల పౌండ్లకు పైగా జీతం బాకీ కట్టమన్నారు. వొక్క పనిమనిషి ప్రాణానికి తెగించి కోర్టుకెక్కితే వచ్చింది అది. అందరూ అట్లా యెక్కాలంటే యెట్లా?

2020 జూన్ 7న బ్రిస్టల్ జనం కోల్‌స్టన్ అనే బానిస వ్యాపారి విగ్రహాన్ని తాళ్ళేసి లాగి, దొర్లించుకుంటూ పోయి రేవు నీళ్ళలో పడేశారు. నూట పాతికేళ్ళు నడివీధిలో నిలబడ్డ విగ్రహం. తర్వాత బయటికి తీసి, పూసిన రంగుతో సహా మ్యూజియంలో పడుకోబెట్టారు. నేను పోయి చూశాను. విగ్రహం వున్నవాడిని యెట్లాగోట్లా పడెయ్యొచ్చు. బల్లకింద వున్నవాడిని యెట్లా పడేస్తాం?

నా కొడుకు బ్రిస్టల్లోనే పుట్టాడు. 2024లో పద్దెనిమిదేళ్ళు నిండాయి. ఇక్కడ పబ్బులో సొంతంగా కొనుక్కోవడానికి అదే వయసు. మొదటి గ్లాసు నాతోనే తాగాడు. ఆ నవంబరులోనే పాల్ స్టీఫెన్సన్ చనిపోయాడు. కొన్నాళ్ళకి వాడు కాలేజీ నుంచి ఫోను చేశాడు. తెలుగు పిల్లలతో కలిసి తాగుతుంటే, వాళ్ళలో వొకడు యింటిపేరు అడిగాడట. చెప్తే సరిపోక వూరు అడిగాడట. వూరు చెప్తే, వూళ్ళో యే పక్క అని అడిగాడట. బ్రిస్టల్లో పుట్టిన పిల్లాడికి యే పక్కేంటో అర్థం కాలేదు.

“నాన్నా, యీసారి అడిగితే యేం చెప్పను?”

“మాదిగపల్లె అని చెప్పు. నీ రౌండు నువ్వు తీసుకురా. గ్లాసులు బల్లమీద పెట్టి కూచో. లేవాలనుకున్నవాడు వాడే లేస్తాడు. నువ్వు మాత్రం లేవొద్దు.”